విరిగిన ముక్కని పారేయకండి, మీ డ్రాయింగు అదే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది భీమిలి. మా నాన్నగారు ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్ళ కిందట ఒక రిసార్టు వాళ్ళు వేలం వేస్తే 17 అడుగుల పాత అమెరికన్ ఫైబర్ బోటు కొన్నారు. హుద్‌హుద్‌లో షెడ్డు కూలి దాని మీద పడింది. కుడిపక్క అద్దం పొడిపొడి అయిపోతే నాన్న అక్కడ ప్లైవుడ్ ముక్క కోసి పెట్టారు. ఇప్పటికీ అదే ఉంది. ముందు అద్దం మధ్యలో తలుపులా తెరుచుకునే భాగానికి మడతబందు ఊడిపోయింది. ఎడమ మూలన ఫ్రేములు రెండింటినీ కలిపే బ్రాకెట్టు రెండు ముక్కలైంది. కుడి మూలది బాగానే ఉంది. కుడివైపు ఊత రాడ్డు లేదు. రబ్బరంతా ఎండి కుంచించుకుపోయింది. బోటు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందట. ఒక ఫ్యాబ్రికేటర్‌కి చూపిస్తే "పాత ఫ్రేము స్క్రాప్‌కి వేసేయండి, స్టీలు పైపుతో కొత్తది చేసి యాక్రిలిక్ షీటు బిగిస్తాను" అన్నారు. సంక్రాంతికి నాన్నని మళ్ళీ బోటెక్కించాలని నా కోరిక. విడిభాగాలు దొరుకుతాయా, చేయించుకోవాలా, ఆయన చెప్పినట్టే కానిచ్చేయాలా? ఏం తోచక టెన్షన్‌గా ఉంది.
(భీమిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఒక్క మాట. ఆ ఫ్రేముని స్క్రాప్‌కి వేయకండి. మీ బోటులో డబ్బు పెట్టినా మళ్ళీ దొరకని వస్తువేదైనా ఉంటే అది ఆ అల్యూమినియం ఫ్రేమే. మిగతావన్నీ కొనొచ్చు, లేదా విశాఖలోనే చేయించొచ్చు.

ఎందుకంటే, ఆ ఫ్రేము మామూలు పైపు కాదు. అద్దం కూర్చునే గాడి, రబ్బరు పట్టుకునే పెదవి, స్క్రూలు కప్పే పట్టీ దూరే సందు, ఇవన్నీ ఒకే సెక్షన్‌లో, అంటే ఒకే కడ్డీ ఆకారంలో, ఉంటాయి. అలాంటి సెక్షన్ తీయాలంటే దానికోసం ప్రత్యేకంగా డై (లోహాన్ని ఆ ఆకారంలో తీసే అచ్చు) చేయించాలి. ఒక్క బోటు కోసం ఎవరూ చేయరు. పైగా దాన్ని మీ బోటు డెక్ వంపుకి తగ్గట్టు వంచి ఉంచారు. స్టీలు పైపుతో చేస్తే ఆ వంపు రాదు. బరువు కూడా పెరుగుతుంది, అల్యూమినియం కన్నా స్టీలు దాదాపు మూడు రెట్లు బరువు. 17 అడుగుల బోటుకి పైభాగంలో బరువు పెరగడం మంచిది కాదు. మీ ఫ్యాబ్రికేటర్‌ని తప్పుపట్టను, ఆయనకి తెలిసిన పద్ధతి ఆయన చెప్పారు. ఊత రాడ్డు పని మటుకు ఆయనకే ఇవ్వండి, దాని సంగతి కింద రాస్తాను.

రెండో మాట. విరిగిన బ్రాకెట్టు ముక్కలు, ఊడిన మడతబందు, ఎండిపోయిన రబ్బరు, తుప్పుపట్టిన స్క్రూలు, ఆ ప్లైవుడ్ ముక్క, ఏదీ బయట పడేయకండి. ఒక్కోదాన్నీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో వేసి ఎక్కడిదో కాగితం మీద రాసి లోపల పెట్టండి. బోటు మూతి వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ, కుడి చేతి వైపుది కుడి. ఇది గోడ మీద రాసుకోదగ్గ మాట. ఈ బ్రాకెట్లు ఎడమకి ఒకలా, కుడికి ఒకలా అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకొకటి తెప్పించుకుని బిగించలేక తల పట్టుకున్నవాళ్ళని చూశాను.

ఇక వెతకడం. బోటు కంపెనీ మూతపడిందని దిగులు పడకండి. అమెరికాలో చాలా బోటు కంపెనీలు ముందు అద్దాన్ని సొంతంగా చేసుకునేవి కావు, అద్దాల కంపెనీల దగ్గర కొని బిగించేవి. కాబట్టి మీకు బోటు పేరు కన్నా అద్దం పేరు ముఖ్యం. మిగిలిన అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో చెక్కిన గుర్తు ఉంటుంది. పొద్దున ఏటవాలు ఎండలో, తడిగుడ్డతో తుడిచి చూడండి, కనిపిస్తుంది. అక్కడ టేలర్ మేడ్ అని ఉంటే అది న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లోవర్స్‌విల్ కంపెనీ. 2018లో దాన్ని లిప్పర్ట్ కంపెనీ వాళ్ళు కొన్నారు. అంటే రాయడానికి మీకు ఒక చిరునామా ఉన్నట్టే.

బోటు వెనక పలక మీద, కుడివైపు పై అంచు దగ్గర, 12 అక్షరాల, అంకెల నంబరు కూడా ఉండాలి. 1972 నవంబరు 1 తరువాత అమెరికాలో తయారైన బోట్లన్నిటికీ ఇది తప్పనిసరి. మొదటి మూడు అక్షరాలు తయారీదారు గుర్తు. 1984 ఆగస్టు తరువాతి బోటైతే చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. పెయింటు కింద దాక్కుని ఉంటే దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు. ఈ నంబరు, అద్దం మీది గుర్తు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు, ఈ మూడూ చేతిలో ఉంటేనే అమెరికాలో పాత బోట్లు విడగొట్టి అమ్మేవాళ్ళు మీ మెయిలుకి సరిగ్గా జవాబిస్తారు. కొలతలు అంగుళాల్లో రాయండి. అయితే అక్కడినుంచి అన్నీ తెప్పించుకోకండి. షిప్పింగు, కస్టమ్స్ కలిస్తే వస్తువు ధరని దాటిపోవచ్చు. బ్రాకెట్టు జత దొరికితే కొనండి, స్క్రూలు కప్పే వినైల్ పట్టీ సరైన వెడల్పులో దొరికితే అదీ వేయించుకోండి. నెల రోజులు చూడండి. దొరక్కపోతే ఆగకుండా చేయించే పనిలో దిగండి.

బ్రాకెట్టు ఎందుకు విరిగిందో తెలుసుకోకుండా కొత్తది చేయిస్తే అదీ విరుగుతుంది. షెడ్డు పడి విరిగిందని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. కానీ విరిగిన చోటు చూడండి. లోపలంతా బూడిద రంగులో, గరుకుగా, అక్కడక్కడ తెల్లటి పొడితో ఉంటే అది జింకు కలిపిన పోత. ఉప్పుగాలికి లోలోపలే ఉబ్బి పెళుసెక్కుతుంది. షెడ్డు దాన్ని పూర్తిగా విరిచిందంతే.

గాలి వల్ల విరుగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బోటు ముందు అద్దం మీద చదరపు మీటరుకి 74 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. మీ అద్దం మొత్తం అర చదరపు మీటరుకి కాస్త ఎక్కువ ఉంటుందనుకుంటే ఐదు కిలోల బరువు కూడా ఉండదు. ఫ్రేముని విరిచేది మనుషుల చేయి. జెట్టీ మీద నుంచి బోటులోకి అడుగుపెట్టేటప్పుడు ప్రతివాళ్ళూ ఆ ఫ్రేము పట్టుకునే దిగుతారు. డెబ్బై కిలోల మనిషి ఒక్కసారి తూలితే ఆ బరువంతా ఆ మూలనే పడుతుంది. దానికి తోడు అలల మీద పడి లేచే అదురు. మీ నాన్నగారి వయసు మీరు రాయలేదు గానీ, ఆయన దిగేటప్పుడు పట్టుకోవడానికి డెక్‌కి బోల్టు వేసిన స్టీలు హ్యాండిల్ ఒకటి తప్పకుండా పెట్టించండి. ఫ్రేము జోలికి ఎవరూ పోరు, ఆయనకీ భద్రం.

ఇప్పుడు బ్రాకెట్టు చేయించడం. ఇందులో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక టూరిస్టు బోటుకి ఇలాంటి మూల బ్రాకెట్టే విరిగితే గన్‌మెటల్‌తో (కంచులాంటి రాగి మిశ్రమం) పోత పోయించి బిగించాను. గన్‌మెటల్ సముద్రానికి మంచిదని అందరూ అంటారు, అది నిజం కూడా. పాలిష్ పెడితే బంగారంలా మెరిసింది. ఏడాది తిరక్కుండానే ఆ బోటు వాళ్ళు కబురు పెట్టారు. వెళ్ళి చూస్తే బ్రాకెట్టు చెక్కుచెదరలేదు. దాని కింద ఫ్రేము మాత్రం పేలపిండిలా తెల్లగా ఉబ్బి, వేలితో నొక్కితే రాలిపోయింది. స్క్రూలు చేత్తో లాగితే వచ్చేశాయి. రాగి ఉన్న లోహాన్ని అల్యూమినియానికి ఆనించి మధ్యలో ఉప్పునీరు పోస్తే అది బ్యాటరీ అయి కూర్చుంటుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. ఆ ఫ్రేము మళ్ళీ దొరకలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. మన శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పోత పోసే చేయి తిరిగిన పనివాళ్ళున్నారు. బోటుకి గంట కావాలంటే అక్కడికే వెళ్ళండి. ఈ ఫ్రేముకి ఆనుకునే ఏ ముక్కకీ ఇత్తడి, కంచు, గన్‌మెటల్ వద్దు.

అల్యూమినియం ఫ్రేముకి అల్యూమినియం బ్రాకెట్టే. దానికి రెండు దారులు. ఒకటి, బ్లాకులోంచి సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే కోత యంత్రం) మీద కోయించడం. మెటీరియల్ షాపులో హెచ్‌ఈ30 అని అడగండి, 6082 అన్నా అదే. హెచ్‌ఈ15 ఇస్తే తీసుకోవద్దు, అందులో రాగి ఉంటుంది. రెండోది పోత పోయించడం. మీ మూల బ్రాకెట్టులో అటూ ఇటూ వాలిన కోణాలుంటాయి కాబట్టి పోతే తేలిక, ఖర్చు కూడా తక్కువ పడుతుంది. పోతకి ఎల్‌ఎం6 దిమ్మలు వాడమనండి. సిలికాన్ ఎక్కువ, రాగి దాదాపు లేని మిశ్రమం అది, ఉప్పుగాలికి బాగా ఆగుతుంది. "ఏ అల్యూమినియం అయినా ఒకటేనండీ" అని పాత ఇంజిన్ కేసింగులు కరిగించి పోస్తే ఒప్పుకోకండి, వాటిలోనూ రాగి ఉంటుంది. విశాఖ ఆటోనగర్‌లో గానీ, కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు గానీ ఏ లేత్ షాపులో అడిగినా వాళ్ళు పోత ఎక్కడ పోయిస్తారో చెప్తారు.

పోతకి ప్యాటర్న్, అంటే ఇసుకలో అచ్చు తీయడానికి నమూనా, కావాలి కదా, అదే మీ చేతిలో ఉన్న రెండు ముక్కలు. విరిగిన అంచుల్ని బ్రష్‌తో శుభ్రం చేసి, ఫెవిక్విక్‌తో అతికించి, సందుల్లో ఎమ్‌సీల్ నింపండి. ఇక్కడ ఒక కిటుకుంది. కరిగిన అల్యూమినియం చల్లారేటప్పుడు మీటరుకి 13 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. అంటే 80 మిల్లీమీటర్ల బ్రాకెట్టునే ప్యాటర్న్‌గా పెట్టి పోస్తే వచ్చేది ఒక మిల్లీమీటరు పొట్టి. చూపుకి తెలియదు, బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాలు కలవవు. అందుకని రెండు పనులు చేయండి. ప్యాటర్న్ మీద కారు బాడీ పుట్టీ పల్చగా పూసి అన్నివైపులా కొంచెం లావు చేయండి. రంధ్రాల్ని పుట్టీతో మూసేసి, పోత వచ్చాక ఫ్రేము మీద పెట్టి, ఫ్రేములో ఉన్న పాత రంధ్రాల గుండానే డ్రిల్లు వేయండి. అప్పుడు కలవకపోవడమనేదే ఉండదు.

ఇంకో పని. ముక్కలు అతికించే ముందు పగులు ఎక్కడ మొదలైందో వేలితో తడిమి చూడండి. నా అనుభవంలో చాలావరకు స్క్రూ రంధ్రం పక్కన, లోపలి మూల కత్తిలా పదునుగా ఉన్నచోటే మొదలవుతుంది. ఆ మూలలో పుట్టీ పెట్టి చిటికెనవేలి కొసతో ఒక్కసారి లాగండి. వేలి గుండ్రదనం అక్కడ దిగుతుంది. అంతే, కొత్త బ్రాకెట్టుకి అక్కడ కండ పడుతుంది. ఇంత చిన్న పని ఆయుష్షుని ఎన్నో రెట్లు పెంచుతుంది.

ముక్కలు మరీ పొడిపొడిగా ఉండి అతకకపోతే బాగున్న కుడి బ్రాకెట్టుని 3డి స్కాన్ చేయించి, కంప్యూటర్లో ఎడమకి తిప్పి, 101.3 శాతానికి పెంచి, ప్లాస్టిక్‌లో ప్రింటు తీయించండి. ఎడమ కుడి గొడవా, కుంచించుకునే గొడవా రెండూ ఒకేసారి తీరతాయి. ఆ ప్లాస్టిక్ ముక్కే ప్యాటర్న్. ఎటు చేసినా ఒక్క ఎడమది చేయించి ఊరుకోవద్దు. కుడిదానికీ అదే వయసు, అదే లోహం. జతగా చేయించండి. పైన పౌడర్ కోటింగ్ వేయించండి. ఎల్‌ఎం6 పోతకి అనోడైజింగ్ చేస్తే నల్లబారిన బూడిద రంగొస్తుంది, ఫ్రేముతో కలవదు.

ఫ్రేములో ఎక్కడైనా పగులుంటే ఆర్గాన్ వెల్డింగ్ చేయిద్దామని అనిపిస్తుంది. వద్దు. వేడి తగిలిన చోట ఆ అల్యూమినియం బలం దాదాపు సగానికి పడిపోతుంది, పక్కన అద్దం కూడా ఉంది. లోపల దూరే అల్యూమినియం పట్టీ ఒకటి చేయించి స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది.

స్క్రూలు విప్పడం దగ్గర ఓపిక కావాలి. అల్యూమినియంలో ఇన్నేళ్ళుగా ఉన్న స్టీలు స్క్రూ చుట్టూ తెల్లటి సున్నంలాంటిది గట్టిపడి ఉంటుంది. బలవంతంగా తిప్పితే తల తెగిపోతుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె వేసి ఉంచండి. మర్నాడు సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి, వేడి మీదే సరైన సైజు స్క్రూడ్రైవర్‌తో ముందు కొంచెం బిగించేవైపు, తరువాత విప్పేవైపు తిప్పండి. కిర్రుమని ఒక చప్పుడొస్తుంది. ఆ చప్పుడొచ్చిందంటే వచ్చేసినట్టే. అద్దానికి దగ్గరగా ఉన్నవాటికి వేడి పెట్టకండి, నూనె, ఓపికే మందు.

వచ్చిన స్క్రూని మన హార్డ్‌వేర్ షాపులో చూపిస్తే "ఎం5 అండీ" అని చేతిలో పెడతారు. అది ఎం5 కాదు. అమెరికావాళ్ళ 10-32 అయ్యుంటుంది. లావు 4.83 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 మరలు, అంటే మరకీ మరకీ మధ్య 0.794 మిల్లీమీటర్లు. ఎం5కి అది 0.8. ఇంత దగ్గరగా ఉండడం మన అదృష్టం. అరిగిపోయిన ఆ రంధ్రంలో ఎం5 ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) ఒకసారి నడిపితే చక్కటి కొత్త మరలు పడతాయి, తరువాత ఎప్పుడు కావాలన్నా ఇక్కడే స్క్రూ దొరుకుతుంది. ట్యాప్ వేయకుండా ఎం5 స్క్రూని నేరుగా తోయకండి. ఇదే తర్కం పావంగుళం బోల్టులకి పనికిరాదు. అంగుళానికి 20 మరలుండే ఆ రంధ్రంలో ఎం6 వదులుగా రెండు చుట్లు తిరిగి మరలు కొరికేస్తుంది. అక్కడ లోహం మందంగా ఉంటే 6.8 డ్రిల్లు వేసి ఎం8 ట్యాప్ కొట్టించండి.

కొత్త స్క్రూలన్నీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువే. షాపులో వట్టి "స్టెయిన్‌లెస్" అని అడిగితే 202 ఇచ్చినా ఇస్తారు. భీమిలి గాలికి ఆ స్టీలు మీద టీ మరకల్లాంటి తుప్పు త్వరగా వచ్చేస్తుంది. 304 కొంత నయం. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి ఆగేది అందువల్లే. అయస్కాంతం పెట్టి 304కి, 316కి తేడా చెప్పలేం. స్క్రూ తల మీద ఏ4 అని గుద్ది ఉంటే అది 316 తరగతి. పెద్ద ముక్కలకి అనుమానంగా ఉంటే మాలిబ్డినం పరీక్ష చుక్కల మందు దొరుకుతుంది, ఒక చుక్క వేస్తే రంగు తేలిపోతుంది. బిగించేటప్పుడు ప్రతి స్క్రూ మరలకీ డ్యూరాలాక్ లాంటి పేస్టు పూయండి, తల కింద నైలాన్ వాషర్ వేయండి. అల్యూమినియానికీ స్టీలుకీ మధ్య అదే అడ్డుగోడ.

మడతబందుకి కొత్తగా చేయించాల్సిన పని లేదు. పాతదాని కొలతలే ఉన్న 316 మడతబందు కొనండి. కొనేటప్పుడు రేకుని కాదు, మధ్యలో ఉండే పిన్నుని చూడండి. మెరిసే రేకుల మధ్య ఇనప పిన్ను పెట్టి అమ్మడం మామూలే. పిన్నుకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటే వెనక్కిచ్చేయండి. రేకుకీ ఫ్రేముకీ మధ్య పల్చటి రబ్బరు షీటు కోసి పెట్టండి. తలుపు గడియ కూడా పోయి ఉంటే డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) ముక్క ఇచ్చి లేత్ మీద తిప్పించండి, గంట పని.

ఊత రాడ్డు మీ ఫ్యాబ్రికేటర్‌కి ఇమ్మన్నాను కదా. ఎడమవైపు రాడ్డు విప్పి నమూనాగా ఇవ్వండి. కానీ పొడవు దాన్నిబట్టి తీయకండి, షెడ్డు పడ్డాక ఫ్రేము కుడివైపు కొంచెం ఒరిగి ఉండొచ్చు. కొత్త మూల బ్రాకెట్లు బిగించాక, రెండు చెక్క బద్దల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక కొస ఫ్రేము రంధ్రానికి, ఇంకో కొస డెక్ రంధ్రానికి ఆనించి, బద్దలు రెండింటినీ టేపుతో కట్టేయండి. అదే పొడవు. పైపుతో చేస్తే కొసలు చదును చేసి ఆర్గాన్‌తో పూర్తిగా మూయించండి, లోపల నీళ్ళు నిలవకూడదు.

అద్దం విషయానికొస్తే, మీ నాన్నగారు కోసిన ఆ ప్లైవుడ్ ముక్క ఇప్పుడు మీకు బంగారం. ఆ కంతకి తగ్గ నమూనా ఆయన అప్పుడే తయారుచేసి పెట్టారు. అయితే ముందు ఆ కిటికీ చదునుగా ఉందో లేదో తెలియాలి. ప్లైవుడ్ తీసేసి, ఫ్రేము ఎదురెదురు మూలలకి రెండు దారాలు అడ్డంగా బిగించి కట్టండి. మధ్యలో రెండు దారాలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే చదునే. మధ్యలో ఖాళీ కనిపిస్తే మెలి ఉందన్నమాట.

చదునైతే 6 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు. దాని గురించి ఒకటి గుర్తుంచుకోండి, టఫెన్ చేశాక దాన్ని కోయలేం, రంధ్రం పెట్టలేం, అంచు కూడా అరగదీయలేం. అన్నీ ముందే అయిపోవాలి. ప్లైవుడ్ ఫ్రేముకి నేరుగా ఆని ఉంటుంది, అద్దానికి చుట్టూ రబ్బరు వస్తుంది. కాబట్టి కొత్త రబ్బరు ముక్కలు గాడిలో పెట్టి, ప్లైవుడ్ చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు సందు వచ్చేదాకా ఆకురాయితో అరగదీసి, అప్పుడు అద్దాల షాపుకి పంపండి. ఏది బయటివైపో ప్లైవుడ్ మీద మార్కర్‌తో రాయండి. అద్దం మీద ఐఎస్ఐ గుర్తు ఉండేట్టు అడగండి.

మెలి ఉంటే మటుకు అక్కడ యాక్రిలిక్కే గతి, మీ ఫ్యాబ్రికేటర్ మాట అక్కడ చెల్లుతుంది. కాస్ట్ యాక్రిలిక్ అడగండి. 900 మిల్లీమీటర్ల షీటు జనవరి తెల్లవారుజాము చలికీ మే మధ్యాహ్నం ఎండకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. స్క్రూ రంధ్రాలు స్క్రూ కన్నా రెండు మిల్లీమీటర్లు పెద్దగా లేకపోతే ఎండాకాలంలో రంధ్రం దగ్గరే పగులుతుంది. థిన్నర్, పెట్రోలు, అమ్మోనియా ఉన్న క్లీనర్లు దానికి తగలకూడదు, వెంట్రుకల్లాంటి గీతలు పడిపోతాయి. సబ్బునీళ్ళు చాలు.

రబ్బరు దగ్గర చాలామంది డీలా పడిపోతారు, ఏ షాపులో ఏమని అడగాలో తెలియక. ఇలా చేయండి. పాత రబ్బరులో ఎక్కడో ఒకచోట తక్కువ ఎండిన ముక్క ఉంటుంది. దాన్ని కొత్త బ్లేడుతో వంకాయ చక్రంలా అడ్డంగా కోయండి. ఆ కోసిన ముఖాన్ని స్టాంపు ప్యాడ్ మీద అద్ది తెల్లకాగితం మీద నొక్కండి. రబ్బరు ఆకారం అచ్చు పడినట్టు వస్తుంది. పక్కన గాడి వెడల్పు, అద్దం మందం రాసుకోండి. పాత అద్దాలు సాధారణంగా పావంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఈ కాగితం పట్టుకుని బోటు షాపులకి వెళ్ళకండి, ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. బస్సులకీ లారీలకీ రకరకాల అద్దం రబ్బర్లు వాళ్ళ దగ్గర చుట్టలు చుట్టలుగా ఉంటాయి. ఈపీడీఎం రబ్బరు దొరికితే ఎండకి బాగా ఆగుతుంది.

రబ్బరు పెదవి ఫ్రేము అంచుని కప్పుకునే రకమైతే బస్సు మెకానిక్కులు చేసే పని చూడండి, అదే మనకీ. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ తిప్పి, కొసలు రెండూ కింద మధ్యలో కలిసేట్టు పెడతారు. సబ్బునీళ్ళు పూసి, ఒకరు బయటినుంచి అరచేత్తో నొక్కుతుంటే ఇంకొకరు లోపలినుంచి తాడు లాగుతారు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి ఫ్రేము మీదికి ఎక్కి కూర్చుంటుంది. రబ్బరైనా వినైల్ పట్టీ అయినా రెండు సెంటీమీటర్లు ఎక్కువే కోయండి, సాగదీయకుండా తోస్తూ పెట్టండి. వినైల్‌ని వేడినీళ్ళలో వేసి తీస్తే మెత్తబడి మాట వింటుంది.

బిగింపు దగ్గర డెక్ సంగతి మరిచిపోకండి. పాత స్క్రూ రంధ్రాల చుట్టూ సుత్తి పిడితో తట్టండి. టంగున మోగితే సరే. మొద్దుగా మూగగా వినిపిస్తే ఫైబర్ మధ్యలో ఉన్న చెక్క కుళ్ళింది. అక్కడ ఎంత మంచి స్క్రూ అయినా పట్టదు. రంధ్రం పెద్దది చేసి, కుళ్ళింది గోకి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక కొత్త రంధ్రం వేయాలి. ఫ్రేము కింద పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, ఆ పులుపు అల్యూమినియాన్ని తింటుంది. బ్యూటైల్ టేపు వాడండి, రేపు విప్పాల్సొస్తే కష్టం ఉండదు. స్క్రూలన్నీ ముందు వదులుగా పెట్టి, మధ్యలోంచి అటూ ఇటూ మూలలవైపు బిగిస్తూ వెళ్ళండి. ఒక రాత్రి వదిలి మర్నాడు ఇంకో పావు చుట్టు.

సంక్రాంతికైతే మీకు వీలుంది, కానీ టఫెన్డ్ గ్లాసు ఈ నెలలోనే, బ్రాకెట్టు దొరక్కపోతే పోత ఆ నెల గడువు కాగానే ఆర్డరివ్వండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న 61 రోజుల్లో అయితే హార్బరులో ఫైబర్ పనివాళ్ళు, వెల్డర్లు మరబోట్ల మరమ్మతుల్లో తలమునకలై ఉంటారు, మీ చిన్న పని ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు బోట్లు వేటలో ఉన్నాయి కాబట్టి వాళ్ళకి కాస్త తీరిక. డిసెంబరు దాకా తుపాన్ల కాలం, బోటు ఎలాగూ షెడ్డులోనే ఉంటుంది కదా, విప్పే పని ఈ ఆదివారమే మొదలుపెట్టండి. స్క్రూలు విప్పేటప్పుడు నాన్నగారిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకోండి. ఓడల ఇంజన్లు చూసిన మనిషి, ఏ స్క్రూ ఎంత వేడికి వదులుతుందో ఆయన చెవికి తెలిసిపోతుంది. అద్దం మూలన గుర్తు దొరికితే ఫొటో తీసి నాకు పంపండి, ఎవరికి రాయాలో, ఏమని రాయాలో చెప్తాను.